ఎదురుగా కూచుని పాడినట్టే...

మాది పెంటపాడు. తాడేపల్లిగూడేనికి కూతవేటు దూరం. ఊరిపేరు చెప్పగానే కొత్తవారి పెదవులమీద ఒక చిరునవ్వు మొలవడం నాకు చిన్ననాటినుండీ అలవాటే. ‘పెంట’ అనగానే వారి చెవికి వినబడేది ఊడ్చిపోసిన చెత్తకుప్ప. నల్లమలలో చెంచుల నివాసాలను నేటికీ పెంటలనే అంటారనీ, ఊళ్ళపేర్ల చివర వచ్చే ‘పాడు’కు పల్లె అని అర్థమనీ ఎరిగినవారికి అదే పేరు వేరే విధంగా వినబడుతుంది. ధ్వని ఒక్కటే. చెవిలో ముందుగా చేరి కూర్చున్నదాన్ని బట్టి వినికిడి మారిపోతోంది. ఈ వ్యాసం మా ఊరిపేరు గురించి కాదు గానీ, చెప్పదలచుకున్నదానికి ఇంతకన్న దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

కొంతకాలం క్రితం చికాగో నగర సమీపాన షాంబర్గ్‌లో జరిగే ఆక్స్‌పోనా అనే ప్రదర్శనకు వెళ్ళాను. పాటలు వినే యంత్రాల సంత అది. ఒక పెద్ద హోటలును మూడు రోజులపాటు తీసుకుని, గదుల్లో మంచాలు తొలగించి, గదికొక కంపెనీ చొప్పున తమ స్పీకర్లనూ యాంప్లిఫయర్లనూ అమర్చుకుంటారు. తలుపు దగ్గరికి వేసి ఉంటుంది. లోపల మసక వెలుతురు. నాలుగు వరుసల కుర్చీలు. మధ్య కుర్చీ ఖాళీ అయితే చాలు, వెనుకనున్నవారు నెమ్మదిగా ముందుకు జరుగుతారు. రెండు మూడు పాటలు విని, లేచి, పక్కగదికి పోవడం. నడవలో నిలబడి చెప్పుకునే మాటలే నన్ను ఎక్కువగా ఆకర్షించాయి. ఒకాయనకు మంద్రస్థాయి బరువెక్కింది. ఇంకొకరికి పైస్థాయి గీసుకుపోయినట్టు ఉంది. అయితే, నచ్చిన గదినుండి బయటికి వచ్చిన ప్రతివారూ దాదాపుగా ఒకే వాక్యం పలుకుతున్నారు: ఆవిడ గదిలో మన ఎదురుగా నిలబడి పాడినట్టే ఉంది అని.

ఆ వాక్యం నాకు కొత్తది కాదు. మా మామ్మ పెంటపాడుకు కొత్తకోడలుగా వచ్చిన రోజుల్లో, ఒక పెళ్ళింటికి ఎవరో గ్రామఫోను తెచ్చారట. కీ ఇచ్చి, ముల్లు మార్చి, ప్లేటు పెట్టారు. కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యం వచ్చింది. “మనిషి ఎదురుగా కూచుని పాడినట్టే ఉందే!” అన్నదట మామ్మ. ఆ ఇంట్లో ఒక ముసలమ్మ అయితే, రాగం అంతసేపు తీసిన ఆయనకు గొంతు ఎండిపోయి ఉంటుందని, లోటాతో మజ్జిగ తెచ్చి బూరా పక్కన పెట్టిందట. మామ్మ చెప్పగా మా అమ్మ విన్నది. అమ్మ చెప్పగా నేను విన్నాను.

బూరా ఉన్న ఆ గ్రామఫోనుకూ, ఒక ఇంటి వెల చేసే ఈ స్పీకర్లకూ నడుమ దాదాపు తొంభై ఏళ్ళ శాస్త్ర పరిశ్రమ ఉంది. రెంటినీ విన్నవారు ఒకే మాట ఎలా అనగలిగారు? మామ్మ అతిశయోక్తి పలికిందా? నడవలోని ఈ పెద్దమనుషులు భ్రమపడుతున్నారా? ఈ ప్రశ్న పట్టుకుని పాత ప్రదర్శనల కథలు కొన్ని తిరగేశాను. యంత్రాల చరిత్ర చాలామంది రాశారు. నేను వెదికినది, వాటిని మొదట విన్నవారు ఏమన్నారన్న సంగతి.

ఎడిసన్ 1877 చివర ఫోనోగ్రాఫును నిర్మించాడు. 1878 మార్చిలో దాన్ని పారిస్ విజ్ఞాన అకాడమీలో ప్రదర్శించారు. తగరపు రేకుమీద గీసిన గీతలనుండి మనిషిగొంతు పలికేసరికి సభ్యుల్లో ఒకరైన బుయో అనే వైద్యుడు మండిపడ్డాడు. ఇది యంత్రం కాదు, ఎవరో పెదవులు కదపకుండా కడుపులోనుండి మాట్లాడుతున్నారు, మోసం అన్నాడు. ఎనభై దాటిన ఆ వృద్ధుడు సామాన్యుడు కాడు. వాక్కుకు స్థానం మెదడు ముందుభాగమని యాభై ఏళ్ళకు పూర్వమే వాదించినవాడు. మాట పుట్టుకను అంత లోతుగా ఎరిగినవాడు కనుకనే, మనిషి లేనిదే మాట ఉండదని అంత గట్టిగా నమ్మాడు. ఆ పండితుడు మోసమన్నాడు, మా ఊరి ముసలమ్మ మజ్జిగ తెచ్చింది. గొంతు వినబడితే అక్కడ మనిషి ఉండి తీరాలన్న విశ్వాసం ఇద్దరిదీ ఒకటే. ముసలమ్మగారి మర్యాదే నాకు ఎక్కువగా నచ్చింది.

మరి మూడేళ్ళకు, 1881లో, అదే పారిస్‌లో అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శన జరిగింది. నేటి హోటలుగదుల ప్రదర్శనలకు పూర్వరూపం అదేనని నా అభిప్రాయం. క్లెమాఁ ఆదెర్ అనే ఇంజనీరు ఒపేరా నాటకశాల వేదికమీద టెలిఫోను గ్రాహకాలు అమర్చి, తీగలద్వారా ఆ గానాన్ని ప్రదర్శనశాలలోని ప్రత్యేకమైన గదులకు రప్పించాడు. గదుల్లో చప్పుడు లేకుండా తివాచీలు పరిచారు. సందర్శకులు బారులు తీరి, తమ వంతు రాగానే రెండు చెవులకూ రెండు గొట్టాలు ఆనించుకుని, కొద్ది నిమిషాలు విని, తరువాతివారికి చోటిచ్చేవారు. రెండు చెవులకూ రెండు వేరువేరు తీగలు రావడంచేత, గాయకుడు వేదికమీద ఎటునుండి ఎటు నడుస్తున్నాడో కూడా తెలిసిందని విన్నవారు రాసిపెట్టారు. స్టీరియో అనే మాట వాడుకలోకి రావడానికి చాలా పూర్వపు ముచ్చట ఇది. ఆ ఏడాది నవంబరులో విక్టర్ హ్యూగో మనుమలను వెంటబెట్టుకుని వెళ్ళి ఈ వింతను విన్నాడు. పిల్లలు మురిసిపోయారనీ, తానూ మురిసిపోయాననీ తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ నాలుగు ముక్కలు రాసి ఉండకపోతే ఆనాటి ఆనందం మనకు తెలిసేదే కాదు.

ఇక మన దేశానికి వద్దాం. 1902 చివర గ్రామఫోను కంపెనీవారి పక్షాన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలైనవారి పాటలు ముద్రించుకున్నాడు. 1908 నాటికి కలకత్తాలోనే ప్లేట్లు తయారయ్యాయి. ఆ ప్లేటు ముఖ్యద్రవ్యం మన లక్కే. గాజులకూ కొయ్యబొమ్మలకూ వాడిన లక్క గొంతును కూడా పట్టి ఉంచగలదని అప్పుడు తెలిసివచ్చింది.

ధ్వనియంత్రాన్ని ప్రజల ఎదుట ప్రదర్శించడమే వృత్తిగా చేసుకున్న తెలుగువారు ఎవరైనా ఉన్నారా అని వెదికితే ముందుగా కనబడేది రఘుపతి వెంకయ్యగారు. బందరులో పుట్టి, మద్రాసులో ఫోటో స్టూడియో నడుపుకుంటున్న ఆయన, 1909 ప్రాంతాన క్రోనోమెగాఫోను అనే యంత్రం గురించి తెలుసుకున్నారు. ఫ్రాన్సులో లియోఁ గోమోఁ కంపెనీ తయారీ అది. తెరమీద బొమ్మ కదులుతుంటే, దానికి జతగా గ్రామఫోను ప్లేటు తిరిగేది. విద్యుత్తుతో ధ్వనిని పెంచే యాంప్లిఫయర్లు ఇంకా రాలేదు కనుక, ఒత్తిడిపెట్టిన గాలితో శబ్దాన్ని పెద్దది చేసి హాలంతా వినిపించేవారు. స్టూడియోను తాకట్టుపెట్టి, ముప్పై వేల రూపాయలు పోసి వెంకయ్యగారు ఆ యంత్రాన్ని తెప్పించారని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. 1910లో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శించారు. తరువాత ఆ యంత్రంతో దేశం తిరిగారు. సింహళం, బర్మా వెళ్ళివచ్చారు. మూకీ చిత్రాల కాలం ఇంకా రెండు దశాబ్దాలు మిగిలి ఉండగానే ఒక తెలుగువాడు మాట్లాడే బొమ్మలను డేరాల్లో చూపించాడన్నమాట. 

వెంకయ్యగారిని తెలుగు సినిమాకు పితామహుడని గౌరవించుకున్నాం. ఆయన పేర పురస్కారం పెట్టుకున్నాం. ఆయన యంత్రం పేరు తెలుసు, వెల తెలుసు, హాలు తెలుసు. ఆ హాలులో కూర్చున్న మనిషికి ఏమనిపించిందో మాత్రం, హ్యూగో రాసినట్టు రాసిన తెలుగు పుట ఒక్కటైనా నా కంటపడలేదు.

విన్నవారి మాటను కంపెనీలు మొదటినుండీ వ్యాపారానికి వాడుకున్నాయి. అమెరికాలో ఎడిసన్ కంపెనీ 1915 నుండి సుమారు పదేళ్ళు ఊరూరా ఒక వేడుక జరిపింది. వేదికమీద ఒక గాయని, ఆమె పక్కన ఫోనోగ్రాఫు. ఆమె పాడుతూ పాడుతూ ఆపుతుంది, యంత్రం అందుకుంటుంది. దీపాలు ఆర్పుతారు. వెలిగేసరికి వేదికమీద యంత్రం ఒక్కటే ఉంటుంది. ఎక్కడ గాయని ఆగిందో, ఎక్కడ యంత్రం మొదలైందో పోల్చుకోలేకపోయామని జనం విస్తుపోయేవారు. ఆ వేడుకల్లో పాల్గొన్న ఆనా కేస్ అనే గాయని ముదిమిలో ఒక రహస్యం విప్పింది. తన గొంతును యంత్రం గొంతుకు సరిపోయేటట్టు మలుచుకుని పాడేదాన్నని చెప్పింది. యంత్రం మనిషిలా పాడిందని జనం చప్పట్లు కొట్టారు. నిజానికి మనిషే యంత్రంలా పాడింది.

ఇది చదివి నవ్వుకోబోయి ఆగాను. మన రంగస్థలంమీద కూడా ఇటువంటి రాజీయే జరగలేదా? మైకులు లేని రోజుల్లో నాటక పద్యం ఊరి చివరి బండిమీద కూర్చున్న రైతు వరకూ చేరాలి. నటుడు రాగం ఎత్తుకుంటే ఎంతసేపు తీస్తాడో అతని ఊపిరికీ ప్రేక్షకుల ‘వన్స్ మోర్’కూ తప్ప ఎవరికీ తెలియదు. పది అంగుళాల ప్లేటులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. కనుక పద్యం కుదించుకుంది, రాగం తొందరపడింది. ప్లేటు విని పెరిగినవారికి ఆ కొలతే పద్యానికి సహజమైన కొలత అయింది. మామ్మ ఆ పెళ్ళింట మనిషినే విన్నాననుకున్నది. ఆమె విన్నది, ప్లేటు కొలతకు ఒదిగిన మనిషిని.

అయినా మామ్మ అబద్ధమాడలేదు. 1925లో విద్యుత్ ముద్రణ రాకముందు, కేవలం బూరాద్వారా ముద్రించిన ప్లేట్లలో దాదాపు 250 నుండి 2,500 హెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనులే సరిగా పట్టేవి. మన చెవి వినగలిగినది 20 నుండి 20,000 వరకు. అంటే మృదంగం తొప్పి వైపు గుముకూ, తంబుర జీరా చాలావరకు బయటే ఉండిపోయాయి. ఆ తరువాతి ప్లేట్లలో ఈ పరిధి పెరిగినా, కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను దానిలో కొంత భాగాన్నే వినిపించేది. మరి చెవికి లోటు తెలియలేదేం? దీనికి సమాధానం అందరింటా ఉండిన పాత టెలిఫోనులో దొరుకుతుంది. ఆ టెలిఫోను 300 హెర్ట్జ్‌కు దిగువనున్న ధ్వనిని దాదాపుగా మోసేది కాదు. మగవాడి గొంతు మూలశ్రుతి సుమారు 100 నుండి 150 మధ్య ఉంటుంది. అంటే ఆ మూలశ్రుతి మనదాకా చేరనే లేదు. ఐనా ఫోనులో నాన్నగారి గొంతు నాన్నగారి గొంతుగానే వినబడింది. పైన వచ్చే అనుస్వరాల వరుసను బట్టి, లేని మూలశ్రుతిని మెదడే పూరించుకుంటుంది. మామ్మ చెవి కూడా అదే చేసింది. కపిలవాయివారి ఫక్కీ పద్యాలు ఆమె రంగస్థలంమీద విని ఉన్నది. ప్లేటు సగం ఇచ్చింది, తక్కిన సగం ఆమె తన జ్ఞాపకంలోనుండి తీసి కలుపుకుంది.

మామ్మ తరువాతి తరానికి జ్ఞాపకాలు వేరు. మద్రాసులో 1924లో ఔత్సాహికుల రేడియో క్లబ్బు వెలిసింది. 1930లో కార్పొరేషనువారు ఆ ప్రసారాలను చేపట్టి, మెరీనాలో లౌడుస్పీకర్లు పెట్టి జనానికి వినిపించారు. 1938లో మద్రాసు ఆకాశవాణి, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాయి. మా అమ్మ చిన్ననాటికి ఇంటింటా రేడియో లేదు. ఉన్నవారు పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టేవారు. లేనివారికి పంచాయతీ రేడియో ఉండేది. సాయంత్రం కాగానే పంచాయతీ ఆఫీసు అరుగుమీద చేరి, బాకాలోనుండి వచ్చే వ్యవసాయ కార్యక్రమం, వార్తలు, పాటలు వినేవారు. ఆ అరుగే మా ఊరి శ్రవణమందిరం. అందులో మధ్య కుర్చీ లేదు. పశువులు తోలుకువచ్చేవారు నడుస్తూ వినేవారు. మిల్లు చప్పుడులో కొంత పోయేది, కాలవ మీద గాలిలో మరికొంత పోయేది. ఘంటసాలగారి గొంతు మా అమ్మకు అక్కడ పరిచయమైంది. 

సరిగ్గా ఆ కాలంలోనే పాశ్చాత్య దేశాల్లో హైఫై ప్రదర్శనలు ఊపందుకున్నాయి. 1949 అక్టోబరులో న్యూయార్కులో ఒక హోటలులో తొలి ఆడియో ఫెయిర్ జరిగింది. హోటలుగదుల ఆనవాయితీ అప్పటిదే. 1954 నవంబరులో లండను రాయల్ ఫెస్టివల్ హాలులో వార్ఫ్‌డేల్ స్పీకర్ల నిర్మాత గిల్బర్ట్ బ్రిగ్స్ ఎడిసన్‌వారి పాత వేడుకను మరింత నిజాయితీగా జరిపాడు. వాద్యం వాయించి, వెంటనే దాని ముద్రణను వినిపించి, తేడా మీరే చెప్పండన్నాడు. టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. దేన్ని మూలంగా పెట్టుకుని పోల్చాలో అక్కడి శ్రోతలకు ఎదురుగానే ఉంది. హోటలుగదిలో కూర్చున్నవారికి ఆ సౌకర్యం లేదు.

హోటలుగది తన స్వరం తాను కలుపుతుంది కూడా. నాలుగు మీటర్ల పొడవున్న గది సుమారు 43 హెర్ట్జ్ దగ్గర తానే మోగడం మొదలుపెడుతుంది. కుర్చీ ఒక మూర వెనక్కి జరిపితే మంద్రం పొంగుతుంది, ముందుకు జరిపితే మాయమవుతుంది. దీనికి తోడు, రెండు యంత్రాల్లో ఒకటి రవ్వంత బిగ్గరగా మోగితే, బిగ్గర అని తెలియకుండానే అదే మేలైనదని చెవి తీర్పు ఇస్తుంది. కనుక నడవలో వినబడే అభిప్రాయాల్లో సగం గదివి, పావువంతు శబ్దస్థాయివి. మిగిలినది విన్నవారి పూర్వజన్మ వాసన అనుకోండి.

నా వాసన నేను జేబులో తీసుకువెళ్ళాను. ఒక గదిలో జనం పలచబడిన వేళ, పెన్‌డ్రైవు ఇచ్చి, ఘంటసాలగారు పాడిన కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ వినిపించగలరా అని అడిగాను. గదిలోని ఆయన ఎంతో మర్యాదగా ఒప్పుకున్నారు. పాట మొదలైంది. ప్లేటుమీది గరగర ముందు వచ్చింది, తరువాత గొంతు. ఇంతకు ముందెన్నడూ వినబడని సంగతులు వినబడ్డాయి. పాదం ముగిసేచోట ఊపిరి తీసుకోవడం, ఒక అక్షరంమీద గొంతు కొంచెం వణకడం. చాలా బాగుంది. నిజమే. ఐతే నేను ఎదురుచూసిన కన్నీరు రాలేదు. ఎనభైలలో మా ఇంట్లో సాగిపోయిన క్యాసెట్టులో విన్నప్పుడు వచ్చేది. పక్కన కూర్చున్న తెల్లాయన పాట అయ్యాక, “ఏ భాష? ఎవరో చాలా దగ్గరివాళ్ళు పోయినట్టు పాడుతున్నాడు” అన్నాడు. పువ్వులు పోయాయండీ అని చెప్పాను. ఆయన తల ఊపాడు.

ఆ రాత్రి పెంటపాడుకు ఫోను చేసి అమ్మకు ఇదంతా చెప్పాను. స్పీకర్ల వెల విని ఆవిడ కాసేపు నమ్మలేదు. తరువాత అడిగింది: “ఏరా, ఇంతకీ రేడియోలో వచ్చినట్టే ఉందా?”

నా ప్రశ్నకు సమాధానం నాకు అక్కడ దొరికింది. మామ్మకు మూలం రంగస్థలంమీది మనిషి. అమ్మకు మూలం పంచాయతీ అరుగుమీది బాకా. నాకు మూలం సాగిన క్యాసెట్టు. ఒక తరానికి నకలైనది తరువాతి తరానికి అసలుగా మారుతూ వచ్చింది. ‘ఫిడిలిటీ’ అంటే విశ్వాసపాత్రత. ఎవరిపట్ల విశ్వాసం అని అడిగితే కంపెనీలు పాడినవారిపట్ల అంటాయి. విన్నవారు మాత్రం తాము తొలిసారి విన్నదానిపట్ల విశ్వాసంగా ఉంటారు. ‘ఎదురుగా ఉన్నట్టే ఉంది’ అన్న వాక్యం తొంభై ఏళ్ళుగా చెక్కుచెదరకపోవడానికి కారణం ఇదే. ఆ ఎదురుగా ఉన్న మనిషి తరానికొకడు.

కనుక, ఏ యంత్రం ఎంత ఖచ్చితమో కొలవడానికి పరికరాలు ఉన్నాయి. అది విన్న మనిషికి ఏమైందో తెలియాలంటే అతన్ని అడగడం తప్ప వేరే మార్గం లేదు. పారిస్‌వారు అడిగారు, రాశారు. విక్టోరియా పబ్లిక్ హాలులో వెంకయ్యగారి యంత్రం విన్నవారిని అడగడానికి ఇప్పుడు ఎవరూ మిగలలేదు. మా మామ్మ పెళ్ళినాటి గ్రామఫోను గురించి నాకున్నది రెండు వాక్యాలు, ఒక లోటా మజ్జిగ. బూరా ఏ రంగుదో, పద్యం ఏదో, ముసలమ్మ మజ్జిగ తెచ్చినప్పుడు ఎవరైనా నవ్వారో, ఊరుకున్నారో నేను అడగలేదు. అడగాలని తోచేనాటికి మామ్మ లేదు.

అమ్మకు ఎనభై దగ్గరపడుతోంది. రెండేళ్ళుగా చెవిలో యంత్రం పెట్టుకుంటోంది. అందులో పిట్టల కూతలు కూడా బొంగురుగా వినబడుతున్నాయని ఫిర్యాదు. ఈసారి సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆవిడను అరుగుమీద కూర్చోబెట్టి, పంచాయతీ రేడియోలో మొదట విన్న పాట ఏదో, పక్కన ఎవరున్నారో, ఎక్కడ నిలబడి విన్నదో అడిగి రాసుకుందామనుకుంటున్నాను. మీ ఇళ్ళలోనూ అటువంటి చెవులు ఇంకా మిగిలి ఉంటే, ఆలస్యం చేయకుండా మీరూ అడగండి. కాస్త గట్టిగా అడగవలసి వస్తుందేమో, అంతే.